ఆంటీ ఒప్పించిన పరీక్ష

మా పక్కింటి ఆంటీ పోయిన వారం కన్నుమూశారు. పొద్దున్నే వాళ్ళబ్బాయి తలుపు తట్టి, "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయిందక్కా" అన్నాడు. నాకు ఏడుపాగలేదు. మా పోపు మాడితే కంచె అవతలి నుంచి కేకేసే మనిషి ఇక లేరు. మీకు ఆవిడ తెలియదు కాబట్టి రాస్తున్నాను.

కాకినాడ వైపు వాళ్ళు. ఈ దేశమొచ్చి, మేముండే ఈ హామిల్టన్‌లోనే నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చి నుంచి రాగానే చీరైనా మార్చకుండా మా ఇంటికొచ్చి, మా అమ్మాయి కింది కనురెప్ప లాగి చూసేవారు. దానికి తలసీమియా. నెలనెలా రక్తం ఎక్కించాలి. లోపల ఎర్రగా ఉంటే "పర్లేదు, పోయి ఆడుకో" అనేవారు. పాలిపోయి ఉంటే తిట్లు నాకు!

పిల్లకి పదకొండేళ్ళప్పుడు, ఎక్కించిన రక్తం సరిపడటం మానేసింది. వారం తిరక్కుండానే కళ్ళు పచ్చబడేవి. కారు దాకా నడిస్తే ఆయాసం. గ్రూపు ఒకటే అయినా అందులోనూ చిన్న చిన్న తేడాలుంటాయని, జన్యు పరీక్షతో అవి తేల్చాలని డాక్టరు అన్నారు. మా ఆయన ససేమిరా అన్నారు.

"ఇప్పటికే ఈ జబ్బు మీ వైపు నుంచి వచ్చిందని మా అమ్మ, మా వైపు నుంచని మీ అమ్మ. ఇంకో జీన్ టెస్టు కూడానా? రేపు దాని పెళ్ళప్పుడు ఏం చెప్పుకోవాలి?"

ఆ అరుపు కంచె దాటింది. ఆంటీ చేతిలో గరిటెతోనే వచ్చేశారు.

"పెళ్ళి సంగతి నేను చూస్తాలే బాబూ. ముందు పిల్లని బతకనీ."

మా ఆయన మొహం ముడుచుకున్నారు. ఆంటీ కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించారు.

"నాలుగిళ్ళ సాంబారు ఒకే గిన్నెలో పోస్తే మీ ఇంటిదేదో చెప్పగలవా? దీని ఒంట్లో ఎవరెవరి రక్తమో కలిసిపోయింది. మామూలు టెస్టుకి దీనిదేదో తెలీట్లేదు. జీన్స్ మాత్రం దీనివే కదా, వాటినడగాలి. తప్పెవరిదో ఆ రిపోర్టులో రాయరయ్యా. ఏ రక్తం పడుద్దో రాస్తారు."

ఆయన డాక్టరు రాసిచ్చిన చీటీ తీసి ఆవిడ ముందు పెట్టారు. చివరికి, "రేపు మీరు కూడా రండాంటీ" అన్నారు.

"వస్తా. డ్రైవ్ నేను చేస్తా. నువ్వు చేస్తే సాయంత్రమవుద్ది."

పరీక్షలో తేడా దొరికింది. దానికి తగ్గ రక్తం వెతికి ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ చిన్న తేడాలు మనవాళ్ళ రక్తంతోనే ఎక్కువగా కలుస్తాయని, మనవాళ్ళు ఎక్కువమంది రక్తమిస్తే ఇలాంటి పిల్లలకి త్వరగా దొరుకుతుందని ఆంటీ చర్చిలో అందర్నీ పట్టుకున్నారు. సూదంటే భయమన్న మగాళ్ళని చర్చి భోజనాల్లో బిర్యానీ లైన్లో చివర నిలబెట్టారు. ఎంత నవ్వుకున్నామో! మా అమ్మాయికి ఎవరి రక్తం ఎక్కిందో మాకు తెలియదు, చెప్పరు కూడా. అందుకని ఎవరు కనబడినా నాకు ఆప్యాయంగానే ఉంటుంది.

శనివారం సమాధి దగ్గర తలా ఒక పార మట్టి వేశాం. పదిహేడేళ్ళ మా అమ్మాయి తన వంతు వచ్చాక పార ఎవరికీ ఇవ్వలేదు. గాలికి జుట్టంతా మొహాన పడుతున్నా వేస్తూనే ఉంది.

"చాల్లేమ్మా, అలిసిపోతావు. ఇటివ్వు," అన్నాడు ఆంటీ వాళ్ళబ్బాయి.

"నో అంకుల్, ఐయామ్ నాట్ టైర్డ్," అంది మా అమ్మాయి, ఇంకో పార నిండా మట్టి ఎత్తుతూ.