ఈటెమొన మీద నా ఉక్కు గీత

1939 నాటి సంగతి. పట్నంల జహనుమా కాడ ఒక డాక్టర్ సాబ్ బంగళా ఉండేది. కొలువు నుంచి దిగినంక ఆయన మనసు మందుల మీదికెళ్లి రాళ్ల మీదికి మళ్లింది. ముందు హాలు నిండ అద్దాల బీరువాలు, వాటి నిండ రాతికాలం మనుషుల గొడ్డండ్లు, తోలు గీకే రాళ్లు. నేను అక్కడ మౌంటర్‌ని. మౌంటు అంటే రాయిని నిలబెట్టే ఇత్తడి కొక్కెం, దాని కింద చెక్కపీట. రాయికి నొప్పి తెల్వకుండ పట్టాలె, చూసేటోనికి కొక్కెం కనబడొద్దు. పని గంతే. గని చెయ్యి కుదరనీకి నాకు ఆరేండ్లు పట్టింది.

ఆ కొలువు గురించి అడిగినోళ్లకు నేను ఒక కథ చెప్తుంటి. అమెరికా నుంచి వచ్చిన ఈటెమొన విరిగితె ఒక్క పూటల దాని జోడు నేనే కొట్టి ఇచ్చిన్నని, ఏది అసలో ఏది నాదో చెప్పలేక డాక్టర్ సాబ్ నా చెయ్యి కండ్లకు అద్దుకున్నడని. ఆ కథ మీద ఇరానీ హోటళ్లల్ల మస్తు చాయ్ తాగిన. వినేటోడు నోరు తెరిస్తె మొనలు రెండయ్యేవి, పండుగపూటైతె చూడనీకి నవాబులు గూడ వచ్చెటోళ్లు. ఇప్పుడు పండ్లు ఊడినయి. అబద్ధం నమలనీకి గూడ పండ్లు కావాలె. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్న.

మొన మాత్రం నిజంగనే వచ్చింది. డాక్టర్ సాబ్ దోస్తు ఒకాయన అమెరికాల ఉండె, ఆయన దూదిల చుట్టి పంపిండు. అరచెయ్యంత పొడుగు, చాయ్ రంగు, తమలపాకు లెక్క పల్చన. మొదలు నుంచి సగం దాక రెండు దిక్కుల ఒక్కొక్క లోతు గాడి. దాన్ని ఫ్లూట్ అంటరు. మొన అంత తయారైనంక మొదట్ల ఒక్క దెబ్బ కొట్టి ఆ పొర లేపుతరట.

"వీళ్లు ఎసోంటి మనుషులు సాబ్?" అన్న.

ఆయన ఉర్దూల చెప్పింది నేను తెలుగుల రాస్తున్న. "కుండ లేదు, చేను లేదు, ఊరు లేదు మల్లయ్యా. మంద యాడికి పోతె అటు పోయెటోళ్లు. బొచ్చు ఏనుగులను ఇసోంటి మొనలతోనె కొట్టిన్రు."

"రోజు ఏనుగేనా?"

"నీకు రోజు బిర్యానీ దొరుకుతదా? కుందేళ్లు, గింజలు, దుంపలు, ఏది దొరికితె అది. మంచి రాయి దొరికే గుట్ట ఎన్ని రోజుల నడకల ఉంటదో ఏమో. అందుకే చూడు, ఈ మొన ఒక దిక్కు కురచ. అరిగినప్పుడల్ల మళ్ల కొట్టి పదును తీసుకున్నడు."

నాకు మా ఇంటామె కత్తిపీట యాదికొచ్చింది. అరిగి అరిగి నెలవంకంత అయింది, అయినా పారెయ్యదు.

ఇంక నా పాపం. మా బాపు పురానాపూల్ కాడ చకుముకి రాళ్లు కొట్టి అమ్మెటోడు. అగ్గిపెట్టెలు వచ్చి ఆ యాపారం ఆగమైంది, గని ఆయన అలవాటు నాకు అంటింది. కొత్త రాయి ఏది చేతికొచ్చినా జేబుల ఉన్న ఉక్కు ముక్కతోని ఒకసారి కొట్టి చూడాలె. నిప్పురవ్వ ఎట్ల లేస్తదో చూసి రాయి జాతి చెప్పెటోడు బాపు. ఒకనాడు మధ్యాహ్నం డాక్టర్ సాబ్ నమాజుకు పోయిండు. మౌంటు కొలత కోసం మొన నా చేతుల ఉంది. అమెరికా రాయి రవ్వ మన రాయి రవ్వ కన్న గొప్పదా అని బుద్ధి పుట్టింది. మొదటి దెబ్బకు మంచి రవ్వ. రెండో దెబ్బకు ఇంక మంచి రవ్వ. మూడో దెబ్బకు కొస టిక్కుమని లేచిపోయింది, కందిబద్దంత ముక్క.

పక్క అర్రల మరియమ్మ ఊడుస్తుంది. మొగడు చచ్చిపోయినంక ఆమె బంగళా వెనక ఉన్న అర్రల ఉంటూ అక్కడనె పని చేసుకునేది. ఆ అర్ర తప్ప ఆమెకు ఇల్లు లేదు. నేను మొనను, ముక్కను కింద పడ్డట్టు మెల్లగ నేల మీద పెట్టిన.

డాక్టర్ సాబ్ వచ్చి చూసిండు. ముక్కను ఏరి అరచేతిల పెట్టుకున్నడు. "ఎవరు ముట్టిన్రు?"

"మరియమ్మ ఊడ్సంగ నాకు చప్పుడు వినొచ్చింది సాబ్," అన్న.

చూడున్రి ఆ మాట తెలివి. ఆమె ఊడ్సింది నిజం, చప్పుడైంది నిజం.

ఆమె చీపురు పట్టుకోని వాకిట్ల నిలబడ్డది. "నేను ఈ అర్రలకు అడుగే పెట్టలేదు సాబ్. మల్లన్నా, నీకెరుకే గదా, చెప్పే అన్నా."

నేను కొక్కెం వంచుకుంట కూసున్న. సాబ్ ఆమెను పనిలకెళ్లి తీసేసిండు. సందెకు ఆమె రెండు గిన్నెలు, బొంత, ఏసు పటం మూట కట్టుకోని ఛత్రినాకల ఉన్న చెల్లె ఇంటికి పోయింది.

నాకు అన్నం పోలేదు. మొనకు జోడు తయారుచేసి ఇస్తె డాక్టర్ సాబ్ కోపం దిగుతది, మరియమ్మను పిలుస్తడు, నా పేరు రాదు అనుకున్న. బాపు మిగిల్చిన రాళ్లు ముందటేసుకోని ఎనిమిది రోజులు కొట్టిన. ఆకారం వచ్చేది, పదును వచ్చేది. ఆఖరుకు ఫ్లూట్ దెబ్బ కొట్టంగనె మొన నడుమకు రెండయ్యేది. గట్ల తొమ్మిది పోయినయి. ఏనుగు ఎంబడి ఉరికే మనిషి గింత ఓపికతోని ఎట్ల కూసున్నడో నాకు అప్పుడు తెలిసింది. పదోదానికి గాడిని సాన మీద అరగదీసిన.

డాక్టర్ సాబ్ దాన్ని చూసి నవ్విండు. "శెబాష్! ఇది సాన పని, గని ముద్దుగుంది." పోలుస్త అని భూతద్దం తీసి రెండు మొనలు పక్కపక్కన పెట్టిండు. భూతద్దాన్ని ఒకదాని మీదికెళ్లి ఇంకోదాని మీదికి జరిపిండు.

"మల్లయ్యా, నీ రాయి అంచు మీద ఈ నల్ల గీతలు ఏంది?"

"ఉక్కు గీతలు సాబ్. రాయి జాతి చూడనీకి కొడుతం..."

"విరిగిన కొస కాడ గూడ ఇవే గీతలు ఉన్నయి. మూడు." భూతద్దం కింద పెట్టిండు. "చీపురుకు ఉక్కు ఉంటదా?"

చేతులు కట్టుకోని అంత చెప్పిన. తిడతడనుకున్న, తిట్టలేదు. "ఈ మొనలు కొట్టినోళ్ల పాత మంటల కాడ తవ్వితె విరిగిన మొనలు కుప్పలు దొరుకుతయట," అన్నడు. "విరగ్గొట్టినోడు దాచలేదు, అక్కడనె అందరి ముందట పెట్టిండు. పో, ఆమెను తోలుకరా. నా తప్పు గూడ ఉన్నదని చెప్పు."

ఛత్రినాకల మరియమ్మ చెల్లె ఇంటి ముందు చాటల బియ్యం చెరుగుతుంది. నేను చెప్పిందంత చాట ఆపకుండనె విన్నది. అంత అయినంక అడిగింది: "నువ్వే పోయి చెప్పినవా అన్నా, దొరికినవా?"

"దొరికిన."

"నువ్వే చెప్పి ఉంటె వచ్చేదాన్ని." బియ్యంల ఒడ్ల మెరిగ ఒకటి ఏరి పారేసింది. "సాబ్‌కు సలాం చెప్పు. చాయ్ తాగిపో."

ఆమె రాలేదు. చెల్లె ఇంటి పంచల ఒక మూలకె ఆఖరు దాక బతికింది. నేనింక తొమ్మిదేండ్లు ఆ హాలులనె పని చేసిన, ఆ విరిగిన మొనకు మౌంటు గూడ నేనె చేసిన. నా తొమ్మిది విరిగిన మొనలను మాత్రం పురానాపూల్ మీదికెళ్లి మూసీల పారేసిన, ఎవరు చూడకుండ. ఎన్నడన్న ఎవరన్న తవ్వి తీసి, మూసీ ఒడ్డున గూడ ఏనుగులను కొట్టిన్రని రాస్తె నమ్మకున్రి.

రాయి పని నాకు నేర్పింది ఒక్కటె. దెబ్బ ఎవరిదో రాయికి ఎరుకే. మంద ఎంబడి తిరిగెటోళ్లు విరిగిన మొనను మంట కాడనె వదిలిపెట్టిన్రు, నేను ఇంకొకరి చీపురు కింద పెట్టిన. ఈసారి నన్ను ఎవరు పట్టుకోలేదు మరియమ్మా, నేనే చెప్తున్న. విననీకి నువ్వు లేవు.