అరువు కోటు కుర్రాడి ఆల్బమ్

పరదేశంలో జాజ్ వాయించే ఆ ట్రంపెట్టాయన పేరు తెలిసినవాళ్ళంతా ఆయన పెద్దయ్యాక చేసిన ఆల్బములనే మెచ్చుకుంటారు. కుర్రతనంలో చేసిన ఈ ఒక్కదాన్నీ ఎవరూ పట్టించుకోరు. ఫోన్లో దాని కింద ఉన్న కామెంట్లను తెలుగులోకి మార్చుకుని చదివాను. ఇంకా పచ్చిదట. పై స్వరాలు అందలేదట. మధ్యలో ఏం వాయించాలో తోచక ఆగిపోయాడట. నాకు ఒళ్ళు మండింది.

ఆదోనిలో నాది జాకెట్లు కుట్టే అంగడి. మిషను తొక్కుతూ పాటలు పెట్టుకుంటాను. ఒకరోజు సినిమా పాటలు అయిపోయాక ఫోను తనంతట తానే ఈ జాజ్ అందుకుంది. చేతిలో పని ఉండి మార్చలేదు. మూడో పాటకు మిషను ఆపి ఫోన్లో ఆల్బమ్ అట్టమీద బొమ్మ చూశాను. సన్నటి కుర్రాడు, ఒంటిమీద కోటు. భుజం కుట్టు జారి సగం చేతిమీదికి దిగింది. అరువు కోటని టైలరుకు ఒకరు చెప్పాలా? ఫోటో కోసం ఎవరినో బతిమాలి తొడుక్కుని ఉంటాడు. ఇక వాడు మా ఇంటివాడైపోయాడు.

మా ఇంట్లోనూ ఒక ట్రంపెట్ ఉంది. పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు సెట్టుకు మా నాయనే మేస్త్రీ. పోయినేడాది పై వరస పళ్ళు పోయి కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. ముందు పళ్ళ బలం లేకపోతే పెదవి నిలవదు, పై స్వరం పలకదు. ఒక పెళ్ళిలో అందరి ముందూ ట్రంపెట్ తుస్సుమంది. ఆ రోజే దాన్ని సంచిలో పెట్టేశాడు. మా చిన్నాయన కొడుకు ముందుకొచ్చి వాయించడం మొదలుపెట్టాడు, నాయన వెనకాల తాళానికి గలగలమనే గిలకలు ఊపుకుంటూ నడిచేవాడు.

"ఏమన్నా, చిన్నపిలకాయ మాదిరి గిలక పట్టినావే" అని టీ అంగడి దగ్గర నవ్వితే ఆయనా నవ్వేవాడు. ఇంటికొచ్చి అన్నం సగం వదిలేసేవాడు. ఈ మనిషి మళ్ళీ వీధిలో ట్రంపెట్ ఎత్తాలి, అది నేను చూడాలి. నాకున్న కోరిక అంతే.

ఒక రోజు ఆయన యూనిఫాం కోటుకు గుండీ కుట్టించుకోవడానికి అంగడికి వచ్చాడు. స్పీకర్లో మూడో పాట నడుస్తోంది. అందులో ట్రంపెట్ ఒకచోట ఉన్నట్టుండి ఆగిపోతుంది. చాలాసేపు డ్రమ్ము ఒక్కటే మెల్లగా నడుస్తుంది. నాయన తలుపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"సావింటి ముందర పోతాండాడు పాపా ఈయప్ప" అన్నాడు.

మా వైపు మెరవణి, అంటే పెళ్ళి ఊరేగింపు, పోయే వీధిలో ఎవరైనా పోయిన ఇల్లుంటే, ఆ ఇల్లు దాటేదాకా బ్యాండు వాయించరు. నడక తప్పకుండా ఒక్కడు మాత్రం డ్రమ్ము అంచుమీద పుల్లతో తట్టుకుంటూ పోతాడు. ఏ దేశంలోనో తలుపులు వేసుకున్న గదిలో రికార్డు చేసిన పాటకు సావిల్లు ఎక్కడిది? ఆ మాటే నవ్వుతూ చెప్పాను.

"నువ్వుండు. డ్రమ్మాయప్ప ఆపలా, సూడు. దాటినాక ఎట్ల ఎత్తుకుంటాడో ఇను."

ట్రంపెట్ కింది స్వరంలో లేచింది. ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి, గొంతు సవరించుకున్నట్టు. నాయన అనుకున్నది పొరపాటే కావచ్చు. కానీ నాకా పాట అప్పుడే పూర్తిగా వినబడింది. తోచక ఆగిన ఆగడం కాదది, మర్యాద.

"పై స్వరం ఒక్కటీ లేదే!" అన్నాడు నాయన. "మల్లా పెట్టు."

ఆ తర్వాత గుండీల పని లేకపోయినా వచ్చేవాడు. పాట వింటూ జేబులోంచి ట్రంపెట్‌కు తగిలించి ఊదే మూతి తీసి దాంట్లో ఊదుకునేవాడు. కింది స్వరాలకు కట్టుడు పళ్ళు అడ్డం రాలేదు. పత్తి మార్కెట్ యార్డు వెనక, ఎవరూ లేనిచోట, ట్రంపెట్ సంచి కూడా విప్పాడని చిన్నాయన కొడుకు చెప్పాడు. నేను ఏమీ అడగలేదు. అడిగితే మానేస్తాడు, మహా మొండి.

యెమ్మిగనూరులో నేతగాళ్ళ వీధిలో పెళ్ళి. పెళ్ళికూతురి జాకెట్లు నేనే కుట్టాను కాబట్టి నేనూ పోయాను. సాయంత్రం మెరవణి సగం దూరం వచ్చేసరికి, ఆ వారమే ఒక పెద్దాయన పోయిన ఇల్లు వచ్చింది. బ్యాండు ఆగింది. టిక్కు టిక్కుమని పుల్ల చప్పుడు, చెప్పుల చప్పుడు. ఇల్లు దాటాం. చిన్నాయన కొడుకు ఊపిరి పీల్చి ట్రంపెట్ ఎత్తబోయాడు. నాయన గిలకలు వాడి చేతిలో పెట్టి, తన సంచి విప్పాడు.

కింది స్వరం ఒకటి పలికింది. తర్వాత ఏమీ లేదు. ఎగురుదామని ముందుకొచ్చిన పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. "నిద్ర వస్తాందా మేస్త్రీ?" అని ఎవరో అరిచారు. నాయన తొందరపడలేదు. ఇంకో స్వరం, ఇంకోటి, వాటి కిందికి పెద్ద డ్రమ్ము వచ్చి చేరింది, నడక ఊపందుకుంది. వీధి మలుపు తిరిగేసరికి పెళ్ళికూతురి మేనత్త కొంగు బిగించి ఎగురుతోంది. పిల్లలు ఆమె చుట్టూ చేరారు. "అదే మల్లా కొట్టప్పా!" అని పెళ్ళిపెద్దే అడిగాడు. పెళ్ళింటిదాకా అదే పాట! చిన్నాయన కొడుకు చెమటలు కక్కుతూ గిలకలు ఊపుతున్నాడు.

"ఏ సినిమాలోదప్పా ఇది?" అని ఎవరో అడిగారు.

"సినిమా కాదు, మా పాప అంగట్లోది" అన్నాడు నాయన. నేను అందరి మధ్యా నిలబడి ఏడ్చేశాను, సంతోషంతోనే.

మర్నాడు ఆ ఆల్బమ్ కింద తెలుగులోనే రాశాను: "వాడు తోచక ఆగలేదు. సావిల్లు దాటినాడు." ఎవరికి అర్థమైతే వాళ్ళకు అర్థమవుతుంది.

గిలకలు ఇప్పుడు నా బిడ్డ దగ్గరున్నాయి. మెరవణి ఉన్న రోజు చిన్నాయన కొడుకు వాటికోసం వస్తాడు. నాయన ట్రంపెట్ సంచి భుజాన తగిలించుకుంటూ, "బిడ్డ ఆడుకుంటాంది, ఉండనీలేప్పా" అంటాడు.