కట్టిన తోక

లూర్దమ్మ గేదె పొదుగు దగ్గర గొంతుకూర్చుని బకెట్టును మోకాళ్ళ మధ్య ఇరికించుకుంటుంది. ఒకప్పుడు పాలు పితికేముందు గేదె తోకను దాని వెనకకాలికే తాడుతో కట్టేసేది. లేకపోతే పేడంటిన తోక ముఖాన కొడుతుంది. మునేటి ఒడ్డున జోరీగలు ముసిరే కాలంలో ఒక ఆదివారం, పాలు తీసి, చర్చి గంట విని, ఆ కట్టు విప్పకుండానే పూజకు పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి గేదె వీపంతా జోరీగలు. కుట్టిన చోటల్లా నెత్తురు చారలు కట్టింది. తోక మాత్రం కాలి దగ్గరే గింజుకుంటోంది. ఆమె ముందు తాడు కోసేసింది, తర్వాత కొంగు తడిపి వీపంతా తుడిచింది. ఇప్పుడు రెండు పూటలా ఆ తోక చెంపమీద ఛెళ్ళున తగులుతుంది. “కట్టేసుకోవచ్చుగా పిన్నీ, కళ్ళు పోతాయి,” అంటుంది పక్కింటి జాయిస్. లూర్దమ్మ భుజంతో చెంప తుడుచుకుని మళ్ళీ పొదుగు మీద చేతులేస్తుంది. “దానికున్న చెయ్యి అదొక్కటేనమ్మా.”