నూకాలు పోసిన పాలు

ఈ మాట మోసుకుంటూ ఇన్నేళ్లు తిరిగేను. కథలు రాసుకునే మనిషిని, ఏదో ఒక పాత్ర నోట్లో పెట్టి దించుకోవచ్చు కదా? పెట్టలేదు. ఎవరైనా పోల్చేస్తారని భయం. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెబుతున్నాను.

మా చెల్లెలు కంటి ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్తూ పిల్లిని నా దగ్గర దింపింది. తను నీచు మానేసి, పిల్లి చేత కూడా మాన్పించిన మనిషి. దానికి పాలు, పెరుగన్నమే. నీచు చూపించనని ఒట్టు వెయ్యమంటే వేసేను. తను తప్ప ఎవరు పిలిచినా అది రాదని గొప్ప కూడా చెప్పి వెళ్లింది.

నిజమే, రాలేదు. గుమ్మంలో కూర్చుని ఒకటే ఏడుపు. నేను పిలిస్తే మొహం తిప్పుకునేది. నాకు ఒళ్లు మండింది. ఏం, నేను మనిషిని కానా? బజారుకెళ్లి ఎండు నెత్తళ్లు, ఆ చిన్న చేపలు, తెచ్చి, వేయించి అన్నంలో కలిపేను. నాలుగు రోజులు తిరిగేసరికి, నేను రాసుకుంటుంటే కాగితాల మీదికొచ్చి పడుకునేది. ఎంత మురిసిపోయేనో, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

ఆ రోజుల్లోనే నూకాలు వచ్చింది. గవరపాలెంలో మా చెల్లెలి పక్క వాటాలో ఉంటూ జాకెట్లు కుట్టుకునేది. పిల్లలు లేరు. పిల్లిని చూసిపోదామని గ్లాసుతో పాలు తెచ్చి పోసింది. స్టవ్ మీద నెత్తళ్లు వేగుతున్నాయి. అటు చూసి నవ్వి ఊరుకుంది.

చెల్లెలు తిరిగొచ్చింది. పిల్లి ఆమె ఒళ్లోకి వెళ్లలేదు, పెరుగన్నం ముట్టలేదు, ఎత్తుకోబోతే రక్కేసింది. నా చెల్లెలు గోడకి చేరబడి ఏడ్చింది. నన్ను అనుమానించలేదు, ఒట్టు వేసేను కదా. ఎవరో చిల్లంగి పెట్టేరు, చేతబడి చేసేరు అంది. నూకాలు గానీ వచ్చిందా అని అడిగింది. వచ్చింది, పాలు పోసింది అన్నాను. అబద్ధం కాదు. కానీ ఆ రెండు ముక్కల మధ్యా కాసేపు ఆగేను. ఎందుకాగేను? వినేవాళ్ల మనసులో అనుమానం ఎలా నాటాలో బాగా తెలిసినదాన్ని కాబట్టి కాదూ?

చెల్లెలు పిల్లిని నా దగ్గరే వదిలేసి వెళ్లింది. ఆ చిల్లంగి మాట మాత్రం వాళ్ల వీధంతా పాకింది. నూకాలు కనిపిస్తే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారట. జాకెట్టు గుడ్డ ఇచ్చేవాళ్లే లేకపోయేరు. చివరికి వాటా ఖాళీ చేసి, రోలుగుంటలో అన్నగారింటికి పోతూ నా గుమ్మం దగ్గర ఆగింది.

"పిల్లి బాగున్నాదా అమ్మా? ఇంకా నెత్తళ్లు తింటన్నాదా?"

"ఏం నెత్తళ్లు?" అన్నాను.

నా వైపు చూసింది. సంచీ ఎత్తుకుని వెళ్లిపోయింది.

పిల్లి మీద ప్రేమతో అడిగిందా, నన్ను పట్టుకుందామనా? అన్నీ తెలిసి వీధిలో ఎందుకు నోరు విప్పలేదు? విప్పినా ఎవరూ నమ్మరనుకుందా? చూడండి, తప్పు నేను చేసి, ఇన్నేళ్లూ ఆమెనే అనుమానిస్తూ కూర్చున్నాను.

పిల్లి ముసలిదై పోయింది. చెల్లెలు ఇప్పటికీ మా ఇంటికొస్తే గుమ్మంలో కాస్త ఆగి, నీచు వాసన వెతుకుతున్నట్టు గాలి పీలుస్తుంది. అలవాటా, అనుమానమా? మొన్న నూకాలు మాటొస్తే, ఆ చిల్లంగి మనిషి కదూ అంది. నేను కాఫీ కలిపి చేతికిచ్చేను.

నూకాలు పోసినవి ఉత్త పాలు. నెత్తళ్లు పెట్టింది నేను. ఈ రెండు ముక్కలూ, మధ్యలో ఆగకుండా, ఇవాళ రాసేను.