పైకప్పు గట్టిగా ఉన్న వ్యాను

దసరా వెళ్ళిన మూడో రోజు, ఆదివారం. తెల్లవారుజాము. ఆకాశం మబ్బుగా ఉంది.

హాజరైనవారు: నేను, నా భార్య శంకరమ్మ, కొడుకు సతీష్, కోడలు సుజాత, మూడో తరగతి చదివే మనవరాలు అక్షయ, బామ్మర్ది ఓదేలు, డ్రైవర్ సమ్మయ్య. ఓదేలు భార్య బర్రె ఈనేలా ఉందని ఆగిపోయింది. వీళ్ళు కాక మరొకరు కూడా వ్యానులో ఉన్నారని డ్రైవరు సాయంత్రం చెప్పాడు. ఆ పేరు డైరీలో రాయడానికి ఆ పూట నాకు చెయ్యి రాలేదు.

ఈ యాత్ర సుఖంగా సాగిందేమోనని ఆశపడే పాఠకులుంటే ఇక్కడే ఆగిపోవచ్చు. పొద్దున బయలుదేరినప్పుడు నా ముఖం ఆధార్ కార్డులోని ఫోటోకు కొంచెమైనా కలిసేది. పొద్దుగూకేసరికి దానికి ఏ మనిషి ఫోటోతోనూ సంబంధం లేకుండా పోయింది.

నేను గోదావరిఖనిలో మైనింగ్ సర్దారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. సర్దారంటే తలపాగా, కత్తి అనుకునేరు. నాకున్నది చివర ఇనుప పొన్ను వేసిన చేతికర్ర. షిఫ్టు మొదలుకాగానే అందరికంటే ముందు వెళ్ళి, ఆ కర్రతో గని పైకప్పును కొట్టి వినడం నా పని. గట్టి కప్పు నిండుగా పలుకుతుంది. వదులు కప్పు డప్పులా మోగుతుంది. డప్పు మోగిన చోటికి ఒక్క మనిషినీ రానివ్వకూడదు. నా చెవిని నమ్ముకుని ఎంతోమంది క్షేమంగా ఇళ్ళకు చేరారు. ఆ గర్వంతోనే రిటైరయ్యాక కూడా పుచ్చకాయ మొదలుకొని వియ్యంకుడి కొత్త ఇంటి స్లాబు దాకా దేన్నీ కొట్టకుండా వదల్లేదు. వియ్యంకుడు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటాడు.

ఇక శంకరమ్మ సంగతి. పెళ్ళయిన కొత్తలోనే సముద్రం చూడాలని అడిగింది. ఒక ఏడు డ్యూటీ అడ్డొచ్చింది, ఒక ఏడు సమ్మె, ఇంకో ఏడు పిల్లల పరీక్షలు. చివరికి మోకాళ్ళే అడ్డొచ్చాయి. ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు.

"కోసినంక నడుస్తనో లేదో ఎవలకెరుక," అంది శంకరమ్మ. "అంతకుముందే ఒక్కపారి ఆ ఇసుకల నడిచి, నీళ్ళల్ల కాళ్ళు వెడ్త. గంతే. నాకు మల్లేమొద్దు."

ముందు బాపట్ల అవతల సముద్రం, తర్వాత తిరుపతి, రామేశ్వరం, కన్యాకుమారి. పన్నెండు రోజుల యాత్ర. బండి కిరాయికి మాట్లాడే బాధ్యత నేనే తీసుకున్నాను. అదే మొదటి తప్పు. రెండో తప్పు కర్ర వెంట తీసుకెళ్ళడం.

గోదావరిఖనిలో నేను చూసిన ప్రతి బండీ డప్పులాగే మోగింది. పల్చటి రేకు మోగక ఏం చేస్తుందని మీరనవచ్చు. మీరు గనిలో పనిచేయలేదు, మీకు తెలుస్తుంది. నేను పనిచేశాను, నాకు తెలియలేదు.

"సార్, గది బండి సార్, తబలా గాదు," అన్నాడొక ఓనరు.

"బావా, రోడ్డు మీద బొగ్గు పెళ్ళ ఊడి వడ్తదా? ఎందుకు గట్ల కొడుతున్నవ్?" అన్నాడు ఓదేలు.

"కప్పు కప్పే. ఏడున్నా కప్పే," అన్నాను.

చివరికి బసంత్‌నగర్‌లో ఒక షెడ్డు కింద ఆ వ్యాను దొరికింది. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము. పాతకాలపు బాడీ, లోపల చెక్కతో కట్టిన సీలింగు. కర్రతో ఒక్క దెబ్బ వేశాను. టప్! బండరాయి మీద కొట్టినట్టు నిండుగా, బరువుగా పలికింది. నా ఒళ్ళు పులకరించింది. సర్వీసు మొత్తంలో అంత గట్టి కప్పు వినలేదు.

ఓనరు షెడ్డు దగ్గరికి రాలేదు. తాళంచెవి గోడ మీద పెట్టి, దూరంగా నిలబడ్డాడు. మిగతావాళ్ళు చెప్పిన కిరాయిలో సగమే చెప్పాడు. అందులోనూ తగ్గించమంటే వెంటనే తగ్గించాడు. బేరం ఆడని బేరగాణ్ణి చూసి పారిపోవాలని పెద్దలెవరూ ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు.

"పన్నెండు రోజులే," అన్నాను.

"ఇంకో నాలుగొద్దులు ఎక్కువైనా మంచిదే సార్. మాకేం తొందర లేదు," అన్నాడు.

పక్కింటి గుమ్మంలో నిలబడ్డ ఆవిడ మా వైపు చూసి, బిడ్డను లోపలికి లాక్కుని తలుపు వేసుకుంది. ఎండ పడుతుందని అనుకున్నాను. ఎండ లేదు.

బయలుదేరిన ఉదయం డ్రైవర్ సమ్మయ్య తలుపు తీసి, ఖాళీ వ్యానుకు దండం పెట్టి, మెల్లగా అన్నాడు. "జరంత జరుగు కాకా."

"ఎవలతోని మాట్లాడుతున్నవే?" అన్నాను.

"ఎవలతోని లేదు సార్. అలవాటు."

కరీంనగర్ దాటాక టీ కోసం ఆగాం. సమ్మయ్య ఇంజన్ ఆపాడు. అక్షయ నా చొక్కా పట్టుకుంది.

"తాతా, ఎవలో మూలుగుతున్నరు."

అందరం ఊరుకుని విన్నాం. నిజమే. సన్నగా, లోగొంతుతో, నోరు మూసుకుని కూనిరాగం తీసినట్టు ఒక స్వరం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనిషి రాగం తీస్తే మధ్యలో ఊపిరి పీల్చుకోవాలి. ఆ స్వరం పీల్చుకోలేదు.

"ఫోన్ల ఏమన్న మోగుతున్నదా?" అన్నాడు సతీష్. అన్ని ఫోన్లూ చూశాం. ఏదీ మోగడం లేదు.

"మామయ్యా, అగరొత్తులు ముట్టిచ్చిండ్రా? పూలు, మైనం కలిసినట్టు ఏదో వాసనొస్తున్నది," అంది సుజాత.

నేను ముట్టించలేదు. సమ్మయ్య మాత్రం అద్దంలోంచి వెనక ఖాళీ సీటు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

ఖమ్మం దాటాక ఓదేలు ఉలిక్కిపడి బట్టతల తడుముకున్నాడు.

"బావా, పైకెల్లి బొట్టు వడ్డది."

"ఏసీ నీళ్ళు."

"ఈ బండికి ఏసీ యాడున్నది? చూడు, గోరువెచ్చగున్నది."

వేలు చూపించాడు. ముదురు ఎరుపు, జిగట. ఓదేలు వేలును తువ్వాలుకు తుడుచుకుని, మిగిలిన దారంతా నెత్తి మీద స్టీలు టిఫిన్ మూత పెట్టుకుని కూర్చున్నాడు. అనుమానం పెనుభూతం అంటారు. మా వ్యానులో భూతమే ముందు ఎక్కింది. అనుమానానికి సీటు దొరకలేదు.

బాపట్ల దాటేసరికి పొద్దు కుంకుతోంది. రెండు వైపులా సరుగుడు తోటలు, మధ్యలో ఇసుక దారి. దారి తప్పామేమోనని సమ్మయ్య బండి ఆపాడు. ఇంజన్ ఆగగానే సరుగుడు చెట్లు ఈల వేసినట్టు వినిపించింది. వాటి అవతల ఎక్కడో ఏదో బరువుగా పడుతూ, లేస్తూ, మళ్ళీ పడుతోంది.

"గదేనా?" అంది శంకరమ్మ. చీకట్లో కూడా ఆమె నవ్వు కనిపించింది. "గదేనా సముద్రం?"

"అదే."

అప్పుడే మన పాటగాడు అందుకున్నాడు. పొద్దుటికంటే గట్టిగా, మా నెత్తి మీదే. నేను అలవాటుగా వేళ్ళ కొనలు సీలింగుకు ఆనించాను. ఇంజన్ ఆగి ఉంది, కప్పు వణుకుతోంది. గనిలో కప్పు వేళ్ళ కింద వణికితే దానికి ఒక్కటే అర్థం, కూలబోతోందని. నా గొంతు నన్ను అడక్కుండానే అరిచింది.

"కప్పు వస్తున్నది! ఉర్కుండ్రి! బయటికి ఉర్కుండ్రి!"

సతీష్ బిడ్డను ఎత్తుకుని దూకాడు. సుజాత చెప్పులు వదిలేసి దూకింది. ఓదేలు తలుపు పక్కనే కూర్చుని కూడా కిటికీలోంచి దిగాడు. శంకరమ్మ మాత్రం కదల్లేదు. మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది.

సమ్మయ్య ఇసుకలో కూలబడి నిజం చెప్పాడు.

"మా ఓనరు తండ్రి సార్. అందరం కాక అంటుంటిమి. ఈ బండి ఆయనదే. ఎప్పుడు చూసినా నోరు తెరవకుండ భజన పాడుకుంట తోలేటోడు. పోయిన చలికాలం ఇంట్లనే పానం వోయింది. బండి కొన్నాళ్ళు షెడ్డుల ఉన్నది. మల్ల తీసేసరికి, ఇంజన్ బంద్ జేస్తె చాలు, పాట. ఎవలూ ఎక్కుతలేరు. మీరేమో కప్పు కొట్టి మరీ నచ్చిందన్నరు."

"తెలిసి తెలిసి మమ్ముల ఎక్కిచ్చినవా?" అన్నాడు ఓదేలు.

"కాక మంచోడే అన్నా. ఎవలనేమనడు. పాడుతడు, గంతే."

"నా నెత్తి మీద నెత్తురు వోసినోడు మంచోడా! నాయినా సతీషూ, వేరే బండి మాట్లాడు. ఈ రాత్రే ఇంటికి వోదాం. గిసొంటి శకునమైనంక ముందుకు వోవద్దు."

సతీష్ కూడా తలాడించాడు. "గంతే నాయినా. వచ్చే ఏడు చూద్దాం."

వ్యాను లోపలి నుంచి శంకరమ్మ అంది. "వచ్చే ఏటికి మోకాళ్ళు నువ్విస్తవా బిడ్డా?"

అవతల సముద్రం పడుతూ లేస్తూనే ఉంది. అంత దగ్గరికి వచ్చి, మొగుడి చవక బేరం వల్ల వెనక్కి పోవాల్సి వస్తోందని ఆమె ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నేను కర్ర తీసుకున్నాను.

"శంకరమ్మా, నువ్వు దిగి అవతల నిలవడు. దయ్యం లేదు, గియ్యం లేదు. ఇప్పుడే తేలుస్త."

నెత్తికి లైటు కట్టుకున్నాను. గని దీపం పోలికలో ఉందని ఆ లైటును నేనే కొనుక్కున్నాను. ఒంటరిగా లోపలికెళ్ళి కప్పును ఒక దెబ్బ కొట్టాను.

పాట ఆగిపోయింది.

మూలుగు కంటే ఆ నిశ్శబ్దమే భయంకరంగా ఉంది. పైన ఎవరో ఉన్నారు. ఉండి, వింటున్నారు.

రెండో దెబ్బ వేశాను. "ఉస్స్..." వెయ్యి నోళ్ళు ఒక్కసారిగా నన్ను మందలించినట్టు వినిపించింది. తెలివైనవాడెవడైనా అక్కడితో ఆపుతాడు. నేను సర్దారును. మూడో దెబ్బకు సీలింగు చెక్క విరిగింది. తేనెతుట్టె ఒకటి, నా చేతి పొడుగుది, తేనె కారుతూ నా భుజం మీద వాలింది. దాని వెనకాల పాటగాళ్ళందరూ దిగారు.

క్యారియరు బోల్టు ఊడిన బొక్కలోంచి దూరి, రేకుకూ చెక్కకూ మధ్య కాపురం పెట్టిన తేనెటీగలు! గట్టి కప్పని నేను మురిసిపోయింది వాటి ఇంటి మోత విని, ఓదేలు నెత్తురనుకున్నది వాటి తేనె. ఆ మసక చీకట్లో వాటికి కనిపించిన వెలుతురు ఒక్కటే. అది నా నుదుటి మీద ఉంది.

"దీపం తియ్యి బావా! దీపం తీసి పారెయ్యి!" ఓదేలు అరుస్తున్నాడు.

"తియ్యద్దు! లోపల దీపం తియ్యద్దు!" అని నేనూ అరుస్తున్నాను. గనిలో దీపం తీసినవాడు బతకడని ఒంటికి పట్టిన పాఠం అది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను దీపం కాపాడుకుని కళ్ళు పోగొట్టుకున్నాను. చివరికి శంకరమ్మే ఆ మోకాళ్ళతో వచ్చి, నా నెత్తి నుంచి లైటు పీకి, ఇసుకలోకి విసిరింది. ఆమెను ఒక్క ఈగ కూడా కుట్టలేదు.

దవాఖానాలో నర్సు ముళ్ళు తీస్తూ అడిగింది. "ఏం చేశారండీ వాటిని?"

"తలుపు కొట్టిండు," అన్నాడు ఓదేలు.

తెల్లవారింది. లాడ్జి మంచం మీద లేచి, ఇంకా చీకటిగానే ఉందనుకున్నాను. చీకటి కాదు, రెండు కళ్ళూ వాచి మూసుకుపోయాయి. దయ్యం సంగతి తేలింది కనుక వెనక్కి పోవాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. సముద్రం దాకా ఆటోలో, అక్కడి నుంచి రైల్లో అని శంకరమ్మే తీర్మానించింది.

సమ్మయ్య వచ్చాడు. తోటవాళ్ళను పిలిచి, పొగబెట్టి, తుట్టెలన్నీ తీయించాడట. ఈగలన్నీ సరుగుడు చెట్టెక్కాయట.

"ఒక్కపారి బండి దగ్గరికి రా సార్," అన్నాడు చిన్నగా. చెయ్యి పట్టుకుని, సరుగుడు తోటలోనే ఉన్న బండి దాకా తీసుకెళ్ళాడు. "ఇంజన్ బంద్ చేస్తున్న. వినుండ్రి."

ఇంజన్ ఆగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా, లోగొంతుతో, ఊపిరి పీల్చుకోకుండా...

"ఈగలు వోయినయి గదనే?"

"అన్ని వోయినయి సార్."

సరుగుడు గాలి కావచ్చు. కావచ్చనే డైరీలో రాయించాను. కర్ర మాత్రం అడగలేదు.

సముద్రపు ఒడ్డున శంకరమ్మ నా చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆమె కళ్ళు, నా కాళ్ళు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి. పాదాల కింద ఇసుక తడిసింది.

"ఎట్లున్నది?" అన్నాను.

ఒక అల వచ్చి పోయేదాకా చూసి అంది. "డ్యూటీ నుంచి వచ్చి, లోపల ఎట్లుంటదో నువ్వు చెప్పేటోనివి. నేను ఒక్కనాడు చూడలే. నువ్వు చెప్తె నమ్మిన. ఇయ్యాల నేను చెప్త, నువ్వు నమ్ము. అవతలి ఒడ్డు లేదు. ఆకాశం దాకా నీళ్ళే. మెల్లగ లేస్తది, తెల్లగ పగులుతది, మల్ల ఏమెరుగనట్టు పోతది."

నాకు లోపల ఏదో అయింది. ఇలాంటి సమయంలో మగవాడు చేయగలిగింది ఒక్కటే. ఒట్టు పెట్టుకోవడం. తూర్పు ఎటో తెలియకపోయినా ఆ వైపని అనుకున్న వైపు తిరిగి, చెయ్యి చాచి, గంభీరంగా మొదలుపెట్టాను.

"సముద్రుడి సాక్షిగా, ఇక ఈ జన్మల కిరాయి బండి కప్పు కొట్ట. బేరమాడని ఓనరు మొకం చూడ. ఎవలన్న పైన పాడుతుంటే, ఆళ్ళను పాడనిస్త. ఇదే నా..."

పెద్ద అల వస్తోందని అందరికీ కనిపించిందట. ఎవరూ చెప్పలేదు. అది నడుం దాకా వచ్చి, నా ఒట్టును నోట్లోనే ఉప్పునీళ్ళతో మూసి, ఇద్దరినీ ఇసుకలో కూలేసి పోయింది.

శంకరమ్మ నా పక్కనే నీళ్ళలో కూర్చుని, పెళ్ళయిన కొత్తలో నవ్విన నవ్వు నవ్వుతోంది.

"ఇప్పుడు చూసినవా?" అంది.