అందరికీ ముట్టిందని నా సంతకం

డిగ్రీ అయిన కొత్తలో, కలిదిండి దగ్గర ప్రభుత్వ నిధులతో కడుతున్న వంతెన పనిలో లెక్కలు రాసేదాన్ని. కాంట్రాక్టరు మా నాన్న స్నేహితుడు. చిన్నప్పటి నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేదాన్ని. ఆయన చెప్పిన కూలి రేట్లు వారం వారం రిజిస్టరులో ఎక్కించి, 'అందరికీ పూర్తిగా ముట్టింది' అని కింద సంతకం పెట్టేదాన్ని. డబ్బు పంచి వేలిముద్రలు వేయించేది మాత్రం ఆయనే.

ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారి కూలీలందరినీ పిలిచి రిజిస్టరు గట్టిగా చదివారు. ఇసుక మోసే నాగమణి తెల్లబోయింది.

"ఏడొందలా? మాకు నాలుగొందలే ఇస్తున్నారండీ!"

నేను బాబాయ్ వైపు చూశాను. ఆయన నా వైపు చూడకుండానే, "నాకేం తెలుసండీ? లెక్కలన్నీ ఈ అమ్మాయే రాస్తుంది. సంతకం కూడా తనదే" అన్నారు.

కూలీలు నన్ను దొంగను చూసినట్టు చూశారు.

"రాసింది నేనేనండీ. డబ్బు ఇస్తుండగా ఒక్కసారీ చూడలేదు" అని అధికారికి అక్కడే రాసిచ్చాను. విచారణలో నిజం తేలి కూలీలకు బకాయిలు అందాయి. నా ఉద్యోగం పోయింది. బాబాయ్ మళ్లీ మా గడప తొక్కలేదు.

ఆయన చేసిన ద్రోహం కన్నా, ఆరోజు నాగమణి అన్న మాటే నన్ను ఇప్పటికీ కుదిపేస్తుంది. "మమ్మల్ని ఒక్కసారి అడిగుంటే చెప్పేవాళ్లం కదమ్మా!"

– షకీలా, ఏలూరు