శెట్టిగారి కార్డు మీద నలభై ప్రేమ నవలలు

ఊరి లైబ్రరీని నోటితో కూల్చడం ఎలాగో నేర్చుకోవాలనుకునేవాళ్ళు నా దగ్గరికి రండి. గునపాలు అక్కర్లేదు, జేసీబీ అక్కర్లేదు. ఒక మైకు, మూడు చీటీలు, ఇరవై మూడేళ్ళ వయసులో ఉండే తెలివి చాలు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు పెద్దలు. నా నోరు ఎంత మంచిదంటే, ఆ సాయంత్రం సగం ఆత్మకూరు కుర్చీలు లాక్కుని మరీ వింది.

అప్పట్లో నేను పనిచేసే లైబ్రరీ ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక మేడ మీద ఉండేది. అది సర్కారుది కాదు. రిటైరైన టీచర్లు నలుగురు తమ ఇళ్ళల్లోని పుస్తకాలు పోగేసి పెట్టింది. వాళ్ళకు పెద్ద ఖాదర్‌బాషా సారు, అనుమసముద్రంపేటలో హెడ్మాస్టరుగా చేసిన మనిషి. నేను రోజూ ఉదయగిరి నుంచి బస్సులో వచ్చేదాన్ని. వచ్చేటప్పుడు సగం నవల, వెళ్ళేటప్పుడు మిగతా సగం అయిపోయేది. అంత చదివాక ఊరుకుంటానా? కొత్తగా వచ్చిన ప్రతి నవలలో ఒక చీటీ పెట్టడం మొదలుపెట్టాను. పైన "ఇది ఎందుకు చదవాలంటే" అని నా రెండు ముక్కలు, కింద "మీ మాట" అని ఖాళీ జాగా. చాలామంది ఆ జాగాలో ఇంటికి తీసుకెళ్ళాల్సిన కూరగాయల పేర్లు రాసుకునేవాళ్ళు. ఒక్క కార్డు మీద పోయిన పుస్తకాలకు మాత్రం ప్రతి వారం జవాబు వచ్చేది. ఆ కార్డు మా మేడ యజమాని సుబ్బరామయ్య శెట్టిగారిది.

మా దగ్గర రేషను కార్డులాగా ఇంటికి ఒకటే కార్డు. అదీ ఇంటి పెద్ద పేరున. శెట్టిగారికి కింది అంతస్తులో పప్పులు, బెల్లం హోల్‌సేలు వ్యాపారం. మెట్లెక్కి పైకి వచ్చిన పాపాన పోలేదు. వారానికోసారి వాళ్ళ గుమస్తా పెంచలయ్య సంచీ పట్టుకుని వచ్చేవాడు. అటూ ఇటూ చూసి, "ప్రేమ కథలు ఏమన్నా కొత్తవి వచ్చినాయా పాపా?" అని గొంతు తగ్గించి అడిగి, ఉన్నవి సంచీలో వేసుకుపోయేవాడు. తిరిగొచ్చిన చీటీల మీద పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు ఉండేవి.

శెట్టిగారి ముఖం మీరు చూడలేదు. ఆయన నవ్వితే ఊళ్ళో కందిపప్పు ధర పడిపోతుందేమో అన్నట్టు ఉంటుంది. అలాంటి మనిషి లోపల ఇంత సరసం ఉందా! పైకి పనసకాయ, లోపలన్నీ తొనలే అనుకుని మురిసిపోయాను. మురిసిపోయి ఊరుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది, మీకూ టైము కలిసొచ్చేది.

ఇంతలో శెట్టిగారి దగ్గర నుంచి కబురొచ్చింది. "సరుకు పెట్టుకోను జాగా చాలడంలా. నెలాఖరుకి మేడ ఖాళీ చేయండి."

పద్నాలుగు బీరువాలు పట్టుకుని ఎక్కడికి పోతాం? ఊరంతా తిరిగాం. గది ఉన్నవాళ్ళకు మనసు లేదు, మనసున్నవాళ్ళకు గది లేదు. ఏదీ దొరక్కపోతే పుస్తకాలు అట్టపెట్టెల్లోకి, నేను ఉదయగిరికి. అది నా మొదటి ఉద్యోగం. పోతుందనుకుంటేనే అన్నం దిగేది కాదు.

ఖాదర్‌బాషా సారు ఒక ఉపాయం చెప్పారు. "వార్షికోత్సవం పెడదాం. శెట్టిగారికి శాలువా కప్పుదాం. నాలుగు మంచి మాటలు చెప్పి, ఆయన కాస్త మెత్తబడినాక ఇంకో రెండేళ్ళు గడువు అడుగుదాం. నువ్వు కొత్త నవలల గురించి పది నిమిషాలు మాట్లాడు సునీతా. అంతే. వింటున్నావా? అంతే."

"అంతే సార్," అన్నాను.

అని, ఆ సాయంత్రమే రిజిస్టరు తిరగేశాను. ఆ ఏడాది అందరికన్నా ఎక్కువ పుస్తకాలు పోయింది శెట్టిగారి కార్డు మీదే. నలభై! నా బుర్రలో బల్బు వెలిగింది. ఉత్తి శాలువాకు ఎవరు మెత్తబడతారు? "ఉత్తమ పాఠకుడు" అని బిరుదిస్తే కదా! సారుకు కూడా చెప్పలేదు, అక్కడికక్కడే ఆశ్చర్యపరుద్దామని. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. నేను ఆ మందు గ్లాసుతో కొలిచి మరీ పోశాను.

ఆదివారం సాయంత్రం శెట్టిగారి అంగడి ముందే షామియానా వేశాం. స్టేజీ మీద ఇస్త్రీ పంచెలో శెట్టిగారు, పక్కన సారు, మైకు ముందు నేను. మర్రిపాడు, సీతారామపురం వైపు నుంచి సరుకుకు వచ్చే వ్యాపారులు కూడా కూర్చున్నారు. కొడుక్కి సన్మానమంటే చూడాలని శెట్టిగారి తల్లి కామాక్షమ్మ అవ్వ వచ్చింది. భర్త పోయాక గుడికి తప్ప గడప దాటని మనిషి. పెంచలయ్య ఆమెను మెల్లగా నడిపించుకొచ్చి ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో కూర్చోబెట్టి, తను వెళ్ళి చివర్లో నిలబడ్డాడు.

కొత్త నవలల గురించి పది నిమిషాలు బాగానే మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు. సారు శాలువా మడత విప్పుతున్నారు. అక్కడ దిగిపోవాలి నేను. దిగలేదు.

"ఒక్క నిమిషం సార్! ఈ ఏడాది మన ఉత్తమ పాఠకుడు ఎవరో మీకెవరికైనా తెలుసా?" అన్నాను మైకులో. "నలభై నవలలు చదివారు. నలభయ్యీ ప్రేమ నవలలే!"

"ఎవరుమే అంత తీరికైనోడు?" అని వెనక నుంచి ఒక గొంతు.

"ఇంకెవరు? మన సుబ్బరామయ్య శెట్టిగారు!"

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత లేచింది నవ్వు. వ్యాపారులు తొడలు చరుచుకుని నవ్వుతున్నారు. శెట్టిగారి చెవులు ఎండుమిరపకాయల రంగుకు తిరిగాయి. సారు గట్టిగా దగ్గారు. పాపం గొంతు పట్టిందనుకుని నీళ్ళ సీసా అందించాను. చివర్లో పెంచలయ్య రెండు చేతులూ తలపైకెత్తి ఊపుతున్నాడు. వెనక వాళ్ళకు వినపడ్డం లేదేమోనని మైకు సౌండు పెంచమన్నాను. అమ్మా, అయ్యా, దేవుడు మనిషికి ఇన్ని సైగలు చేయడు. నాకు చేశాడు. నేనే పట్టించుకోలేదు.

"చదవడమే కాదు, శెట్టిగారు ఎంత చక్కటి అభిప్రాయాలు రాస్తారో వినండి," అని చీటీలు తీశాను.

మొదటిది చదివాను. "కథ బాగుండాది. పిల్లోడే మెతక. కాస్త రోషం ఉన్నోడి కథ ఉంటే పంపించు."

నవ్వు.

రెండోది. "పెళ్ళి కోసం నూటెనభై పేజీలు తిప్పించినాడు. ముందే చేసుంటే వీడి సొమ్మేం పోయె?"

ఇంకా నవ్వు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి.

మూడోది. "వానలో ఇద్దరూ తడిసేది రెండుసార్లు చదివినా. జలుబు చేసిందో లేదో రాయలా."

శెట్టిగారు కుర్చీలోంచి లేచారు. "ఏంది పాపా ఇది? నేను నవలలు చదివేదేంది? నా పేరు చెప్పి ఈ రాతలేంది?"

"సిగ్గుపడకండి శెట్టిగారూ. ప్రేమ కథలు చదవడం తప్పేమీ కాదు," అని ధైర్యం చెప్పాను. ఎవరికి? నా మేడ నా కాళ్ళ కింద నుంచి లాగేయగల మనిషికి! "ఇదిగో, మీ చేతిరాతే కదా," అని ఒక చీటీ ఆయన చేతిలో పెట్టాను.

ఆయన చీటీ చూశారు. మళ్ళీ చూశారు. కోపం మీదున్న ముఖం అలాగే ఆగిపోయింది. తర్వాత ఆయన కళ్ళు నన్ను దాటి ఆడవాళ్ళ వైపు పోయాయి. నేనూ అటే చూశాను.

చుట్టూ అందరూ నవ్వుతున్నారు. కామాక్షమ్మ అవ్వ ఒక్కతే నవ్వడం లేదు. కొంగు నోట్లో కుక్కుకుని తల దించుకుంది.

అప్పుడర్థమైంది నాకు. నలభై నవలలూ ఎవరు చదివారో, పెంచలయ్య ఎందుకు గొంతు తగ్గించేవాడో, ఇందాకటి నుంచి ఆ చేతులు ఎందుకు ఊపుతున్నాడో అన్నీ ఒక్కసారే తెలిశాయి. డెబ్బై దాటిన మనిషి గుట్టుగా దాచుకున్న ఒకే ఒక్క సంతోషాన్ని తీసుకొచ్చి బస్టాండు పక్కన మైకులో పెట్టాను.

"మీరు కాకపోతే ఇంకెవరు శెట్టిగారూ?" అని ఒక వ్యాపారి అరిచాడు.

"కార్డు వాళ్ళింటిదే గదా! ఇంట్లో ఎవరో ఉండాలప్పా!" అన్నాడు ఇంకొకడు.

తలలు ఒక్కొక్కటే ఆడవాళ్ళ వరుసల వైపు తిరగసాగాయి. మొదటి వరుస దాటాయి. రెండో వరుస దాటాయి. ఎవరైనా కరెంటు తీసేస్తే బాగుండునని ప్రార్థించాను. కరెంటు పోలేదు. అవసరమైనప్పుడు అది ఎప్పుడు పోయింది కనక?

శెట్టిగారు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. నా చేతిలోంచి మైకు తీసుకున్నారు.

"నేనే చదివినా," అన్నారు.

తలలన్నీ చటుక్కున ఇటు తిరిగాయి.

"నలభయ్యీ నేనే చదివినా. ఏం, చదవగూడదా?"

"అట్టయితే ఒక మంచి కథ చెప్పండి శెట్టిగారూ!" అని అదే వ్యాపారి.

శెట్టిగారి నుదుటి మీద చెమట పట్టింది. ఆయన జన్మలో కథ చదివిన మనిషి కాదు. నేను ఒక ముక్క అందిద్దామంటే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా నోరు పెగల్లేదు.

"కథ..." అని కండువాతో ముఖం తుడుచుకున్నారు. "అబ్బాయి మంచోడు." ఆగారు. "పిల్లా మంచిదే." ఇంకాసేపు ఆగారు. మూడో వరుస వైపు ఒకసారి చూశారు. "మధ్యలో బంధువులే సరైనోళ్ళు కారు."

చప్పట్లు మోగిపోయాయి. నిజం చెప్పొద్దూ, ఆ నలభై నవలల సారం అంతే. నేను పది నిమిషాలు చెప్పిందాన్ని ఆయన మూడు ముక్కల్లో తేల్చేశారు. తర్వాత మైకు నాకిచ్చి, శాలువా కప్పించుకోకుండానే స్టేజీ దిగి, తల్లి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు.

సారు శాలువాను మళ్ళీ మడతపెట్టారు. తిట్టలేదు. "సునీతా, రేపు వచ్చేటప్పుడు ఏ అంగట్లో అన్నా అట్టపెట్టెలు దొరుకుతాయేమో చూడు," అన్నారు. తిట్టినా అంత నొచ్చుకునేదాన్ని కాదు.

ఇల్లు చేరేసరికి వీడియో నాకన్నా ముందే ఉదయగిరి చేరింది. మా నాయన ఫోను పక్కన పెట్టి ఒకటే మాటన్నాడు. "దేవుడు నోరిచ్చినాడు సరే. మూసుకోడానికి పెదాలు కూడా ఇచ్చినాడు గదమ్మే."

మరుసటి రోజు పొద్దున నేనూ సారూ మొదటి బీరువా పుస్తకాలు పెట్టెల్లో సర్దుతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. శెట్టిగారు పైకి రావడం అదే మొదటిసారి. వెనకాల పెంచలయ్య, చేతిలో ఇంత లావు తాళం. నెలాఖరు దాకా కూడా ఆగరన్నమాట అనుకున్నాను.

"శెట్టిగారూ, తప్పు నాది. సారుకేమీ తెలియదు," అన్నాను. "నన్ను పంపించేయండి. పుస్తకాలను మాత్రం పంపొద్దు."

ఆయన కుర్చీ లాక్కుని పెట్టెల పక్కన కూర్చున్నారు. తర్వాత సారుతో అన్నారు. "మా నాయన పోయి పదకొండేళ్ళాయె సార్. మధ్యాహ్నం పూట అమ్మ తలుపేసుకుంటే జపం చేసుకుంటా ఉండాదనుకున్నా. లోపల నవ్వు వినపడితే పక్కింటోళ్ళ టీవీ అనుకున్నా. నిన్న ఆ చీటీ చూస్తే, మా ఊరగాయ జాడీల మీద ఉండే రాత. ఇంటికి పోయి, 'నాకెందుకు చెప్పలా అమ్మా' అని అడిగినా."

"ఏమనింది?" అన్నారు సారు.

"'నువ్వు నవ్వే రోజు చూసి చెప్దామనుకున్నా అబ్బయ్యా. పదకొండేళ్ళు చూసినా' అనింది."

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

కళ్ళజోడు పెట్టుకుని సారు మెల్లగా, "మరి మేడ సంగతి ఏమంటారు శెట్టిగారూ?" అన్నారు.

"దాంట్లో మాట మార్పు లేదు సార్. మేడ ఖాళీ చేయాల్సిందే."

నా చేతిలో పుస్తకాలు కింద పడ్డాయి.

"మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు," అన్నారు శెట్టిగారు. "ఈ మెట్లెట్టా ఎక్కద్ది? మీరు కింద చిన్న గోడౌన్లోకి దిగండి. పప్పులు పైకి వస్తాయి. పప్పులకి మోకాళ్ళు లేవు గదా."

పెంచలయ్య తాళం నా బల్ల మీద పెట్టాడు. "గోడౌను తాళం పాపా. ఇకమీదట మీరే తీసుకోవాల, మీరే వేసుకోవాల."

నెలాఖరుకి బీరువాలు దిగాయి, మూటలు ఎక్కాయి. మూటలు మోసిన హమాలీలు నన్ను తిట్టిన తిట్లు ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఇంటికొక కార్డు నియమం కూడా ఎత్తేశాం. మొదటి కొత్త కార్డు కామాక్షమ్మ అవ్వ పేరున రాశాను. ఆమె దాన్ని అందుకునే ముందు గది నాలుగు మూలలూ తేరిపార చూసి, "ఈడ మైకు ఏమన్నా ఉండాదా పాపా?" అని అడిగింది.

ఒట్టు పెట్టుకోకూడదని మా నాయన చిన్నప్పటి నుంచీ చెబుతున్నాడు. అయినా పెట్టుకుంటున్నాను. ఎవరి కార్డు మీద ఏ పుస్తకం పోయిందో మైకుతో గానీ మైకు లేకుండా గానీ ఈ జన్మలో చెప్పను. మొన్న సుబ్బరామయ్య శెట్టిగారు స్వయంగా వచ్చి మూడు నవలలు తీసుకెళ్ళారు. అవి ఏ రకం నవలలో మీరు కాళ్ళు పట్టుకున్నా చెప్పను. ఆయనే వాటిని కాటా పక్కన తెరిచి పెట్టుకుని, బేరమడగడానికి వచ్చినవాణ్ణి "ఉండవయ్యా, ఆ పిల్ల ఉత్తరం ఇంకా వాడికి అందలా" అని కసురుకుంటే మాత్రం, దానికి నాది పూచీ కాదు.